పీట మీద బండి

"బండిని నీ కోసం కిందికి దింపించాను. ఇక నువ్వు పైకి ఎక్కడమే మిగిలింది," అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి తాళంచెవి వేలికి తిప్పుతూ.

ఆ మాట అన్నప్పుడు ఆమె పీట మీద నిలబడి ఉంది. ఆ ఇంట్లో పీట ఉన్నది కూర్చోవడానికి కాదు, నిలబడడానికి. వంటగట్టు ఆమె నడుముకి బాగా పైన ఉంటుంది. పొయ్యి మీది గిన్నెలో ఏముందో కనబడాలంటే ఒక మెట్టు ఎక్కాల్సిందే. కాపురానికి వచ్చిన కొత్తలో "గట్టు కాస్త ఎత్తుగా ఉందండీ" అని ఆమె మెల్లిగా అంటే, ఇళ్ళు కట్టించే ఇంజినీరు గనక ఆయన నవ్వేసి, "అది స్టాండర్డ్ ఎత్తు. నువ్వే స్టాండర్డ్ కన్నా ఓ పిసరు తక్కువ" అన్నాడు. సరదాగానే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. మర్నాడు సైటులో మిగిలిన చెక్కతో ఆయనే పీట చేయించి తెచ్చాడు. అంచులు కాళ్ళకి గుచ్చుకోకుండా నున్నగా రుద్దించి మరీ తెచ్చాడు. అంత నున్నటి వస్తువు మీద కోపం తెచ్చుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆమె ఇన్నేళ్ళూ దాన్ని కాలితో నెట్టుకుంటూ పొయ్యి దగ్గర నుంచి సింకు దగ్గరికి, సింకు దగ్గర నుంచి అలమర దగ్గరికి తిరుగుతూనే ఉంది. బట్టలు ఆరేసే తీగ కూడా ఆయన ఎత్తులోనే ఉంది. పొద్దున పెరట్లోకి పోయేటప్పుడు ఓ చంకలో బట్టల బకెట్టు, ఇంకో చేతిలో పీట. "భుజాలు పైకెత్తి పని చెయ్యకండి, మెడ పట్టేస్తుంది" అని రోజంతా పేషెంట్లకు చెప్పి వస్తుంది. ఆమె ఉద్యోగమే అది. ఫిజియోథెరపిస్టు.

బండి సంగతి వేరు. అది పీట లాగా ఆయన తెచ్చిచ్చింది కాదు, ఆమె అడిగింది.

క్లినిక్‌లో ఆమెది వెనక గది. పేషెంటుకి కాపడం మిషను తగిలించడం, గంట మోగగానే తీసెయ్యడం, మోకాలు వంచి చాచి మళ్ళీ వంచడం. ఇళ్ళకి వెళ్ళి చేసే పని మాత్రం ఆమెకన్నా వెనక చేరిన ఇద్దరు కుర్రవాళ్ళది. వాళ్ళకి బండ్లున్నాయి. సాయంత్రం వచ్చి కబుర్లు చెప్పేవాళ్ళు, పక్షవాతం వచ్చిన ఫలానా ఆయన ఇవాళ తన మంచం మీంచి తనే లేచాడని, ఫలానా అమ్మమ్మ స్నానాలగది దాకా తనే నడిచిందని. గంట మోగిన మిషను తీసేస్తూ ఆమె వినేది. క్లినిక్‌లో వంగిన మోకాలు క్లినిక్‌కే పనికొస్తుంది. మనిషి తన ఇంట్లో, తన గడప దాటగలగాలి. తను చదివింది అందుకే. ఒకరోజు ధైర్యం చేసి డాక్టరుగారిని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఊరి చివర పేషెంట్లు పెరుగుతున్నారమ్మా. నీకివ్వాలనే ఉంది. కానీ బస్సులు పట్టుకుని ఎంతమందిని చూడగలవు? సోమవారానికి బండి మీద రా, ఆ వైపంతా నీదే. లేదంటే ఇంకో అబ్బాయిని తీసుకుంటాను" అన్నాడు.

అదే వారం భర్తకి కంపెనీ కారిచ్చింది. ఆయన మోటారుసైకిలు ఖాళీ అయింది. వీధిలో పిల్లలు దానికి 'ఒంటె' అని పేరు పెట్టారు, అంత ఎత్తు. ఆమెకి బండి నడపడం పెళ్ళికి ముందే వచ్చు. తమ్ముడి బండి మీద నేర్చుకుంది, లైసెన్సూ ఉంది. కానీ ఒంటె మీద కూర్చుంటే బొటనవేళ్ళు నేలని వెతుక్కోవాల్సిందే. "బండి నాకివ్వండి, ఎత్తు తగ్గించుకుంటాను" అంది. ఆయన ఒక్కక్షణం ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. తన చిన్ననాటి స్నేహితుడు మెకానిక్, అతని దగ్గరికి తనే తీసుకుపోయి వెనక షాక్‌అబ్జార్బర్లు పొట్టివి వేయించి తెచ్చాడు. ఆ రెండు రోజుల్లో ఆయన దాతృత్వం గురించి వీధంతా తెలిసిపోయింది.

మొదటిరోజు కాళ్ళు రెండూ పూర్తిగా నేలకి ఆనాయి. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వీధి చివర మలుపు దాకానే ఆ సంతోషం. మలుపులో బండి మాట వినలేదు. తిప్పుతున్నా ముందుచక్రం బద్ధకంగా, తన దారి తనదన్నట్టు రోడ్డు అవతలి అంచు దాకా పోయింది. గతుకులో పడగానే వెనక టైరు దేనికో రాసుకుని కాలిన రబ్బరు వాసన కొట్టింది. చీకటిపడి లైటు వేస్తే రోడ్డు మీద పడాల్సిన వెలుగు చెట్ల కొమ్మల మీద పడింది. ఎదురొచ్చిన లారీవాడు కళ్ళు చెదిరి నానా తిట్లూ తిట్టాడు. ఇంటికొచ్చి స్టాండు వేసి, చెయ్యి కడుక్కుని, పీట ఎక్కి పొయ్యి వెలిగించిందో లేదో, వాకిట్లో పెద్ద చప్పుడు. బండి కుడివైపుకి, పూలకుండీల మీదికి దభీమని పడిపోయి ఉంది. అద్దం పగిలింది.

"స్టాండు సరిగ్గా వెయ్యలేదు" అన్నాడు భర్త. కోప్పడలేదు. అంతకంటే ఘోరంగా, ఓపిగ్గా అన్నాడు. "తొందరేం లేదు. నీ వల్ల కాకపోతే అమ్మేద్దాం."

"మగాళ్ళకి అలవాటైన బండి," అంది అత్తగారు మంచం మీంచే. "దానికీ తెలుస్తుంది ఎక్కింది ఎవరో."

ఆ రాత్రి పడుకుని ఆమె స్టాండు వేసిన ఆ క్షణాన్ని తలలో మళ్ళీ మళ్ళీ తిప్పింది. కాలితో కిందికి తోశాను. చివరంటా వెళ్ళిందా? వెళ్ళింది. టక్కుమని చప్పుడయింది కూడా. మరెందుకు పడింది? తెల్లారేసరికి వెళ్ళలేదేమో అనిపించడం మొదలయింది. ఇన్నేళ్ళ కాపురంలో అదో అలవాటయింది. గిన్నె పగిలినా, పాలు పొంగినా, అందులో తన తప్పు ఎంతుందో ముందు లెక్కేసుకుని, ఆ తర్వాతే పగిలిన ముక్కలు ఏరడం.

పొద్దున అత్తగారి మోకాళ్ళకి వ్యాయామం చేయిస్తున్నప్పుడు తట్టింది. రోజూ చేయించే పనే అది. బయట చేస్తే వైద్యం, ఇంట్లో చేస్తే కోడలి బాధ్యత. అత్తగారిని నిలబెట్టి, నడుము రెండువైపులా చేతులు పెట్టి, ఎముకలు సమంగా ఉన్నాయా అని చూస్తోంది. ఒక కాలు కాస్త పొట్టయితే మనిషి కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. నిలబడితేనే నడుము ఒరుగుతుంది. ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి. బండి కిందికి దిగింది. మరి స్టాండు?

"ఏమైందే, నా నడుం పట్టుకుని నిద్రపోయావా?" అంది అత్తగారు.

ఆమె సంచీలోంచి కొలతల టేపు తీసుకుని వాకిట్లోకి నడిచింది. పేషెంట్ల కాళ్ళు కొలిచే టేపు అది. బండిని మళ్ళీ స్టాండు మీద నిలబెట్టి దూరంగా జరిగి చూసింది. ఎడమవైపుకి హాయిగా వాలి ఉండాల్సిన బండి కర్రలా నిటారుగా నిలబడింది. అవతలివైపు నుంచి చిటికెనవేలితో తోసినా పడేటట్టుంది. తన తప్పు కాదు. బండి ఎత్తు తగ్గింది, స్టాండు మాత్రం పాత ఎత్తుకే ఉండిపోయింది. వెనక భాగం కుంగింది, ముందు భాగం పాత ఎత్తులోనే తలెత్తుకుని ఉంది. లైటు చెట్లని చూడక ఏం చేస్తుంది? హ్యాండిలు బద్ధకించక ఏం చేస్తుంది? ఎత్తుమడమల చెప్పుల జతలో ఒక్కదానికే మడమ కోసి, ఇక పరుగెత్తమన్నట్టుంది వ్యవహారం.

బండిని నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను టీ తాగుతున్నవాడల్లా లేచి, "రండి వదినా, అద్దం సంగతి అన్న ఫోన్‌లో చెప్పాడు" అన్నాడు.

"అద్దం తర్వాత. ముందు వైపు ఎందుకు దించలేదు?"

"అన్న వెనకే దించమన్నాడు వదినా. ముందు మాట ఎత్తలేదు."

"నడిపేది ఎవరని చెప్పాడు?"

"మీరనే చెప్పాడు."

"మరి నన్ను కూర్చోబెట్టి చూడాలి కదా?"

మెకానిక్ మెడ గోక్కున్నాడు. "అన్నే కూర్చుని చూశాడు వదినా. బాగుందన్నాడు."

ఆమెకి నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు గానీ కాస్త సిగ్గుపడ్డట్టే ఉన్నాడు. ఈసారి ఆమె ఎక్కి కూర్చుంది, అతను చూశాడు. పాదాలు పూర్తిగా ఆనక్కర్లేదంది ఆమె. రెండు పాదాల ముందుభాగం గట్టిగా నేలని పట్టుకుంటే చాలు, బరువు ఆపడానికి ఆ కండలు సరిపోతాయి. "అయితే ఇంత దించడం అనవసరం," అన్నాడు మెకానిక్. వెనక మరీ పొట్టివి తీసి మధ్యరకం వేశాడు. అవి పూర్తిగా అణిగినంత మేర చక్రాన్ని పైకెత్తి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు దూరే సందు ఉందని చూపించాడు. వెనక ఎంత దిగిందో కొలిచి, ముందుచక్రాన్ని మోసే గొట్టాల బిగింపులు వదులు చేసి, రెండు గొట్టాలనీ అంతే మేర పైకి జరిపాడు, ముందు భాగమూ అంత దిగింది. కుడి ఎడమలు వెంట్రుకవాసి తేడా లేకుండా గీతలు పెట్టి బిగించాడు. హ్యాండిలు ఇటు చివరకీ అటు చివరకీ తిప్పి వైర్లేవీ లాగబడడం లేదని చూశాడు. చెయిను బిగువు, లైటు వంపు సరిచేశాడు.

"ఇంకోటుంది వదినా. వెనక స్ప్రింగు అన్న బరువుకి బిగించి ఉంది. మీరు కూర్చుంటే ఎంత కుంగుతుందో కొలవాలి. నా షాపు ముందంతా వాలు. ఇంటి దగ్గర చదునుగా ఉంటుంది కదా, అక్కడ కొలిచి చెప్పండి. ఒకరు కూర్చోవాలి, ఒకరు టేపు పట్టుకోవాలి."

"మరి స్టాండు? ఈ ఎత్తుకి కూడా పొడుగే కదా."

"కొంచెం కోసి, పాదం మళ్ళీ అతకాలి. అన్నని ఓ మాట అడుగుతాను."

ఆమె చూస్తుండగానే ఫోన్ చేశాడు. అవతలి గొంతు ఆమెకి స్పష్టంగానే వినిపించింది. "మిగతావన్నీ సరే, అవి మళ్ళీ పాత ఎత్తుకి తేవచ్చు. స్టాండు మాత్రం కోయకు. కోస్తే మళ్ళీ అతకదు. రేపు అమ్మబోతే కొనేవాడు వంక పెడతాడు." మెకానిక్ ఫోన్ పెట్టేసి, చేతులు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

సాయంత్రం భర్త కారు దిగుతూనే డిక్కీలోంచి రెండు చెక్కపలకలు తీశాడు. "ఇవిగో. చక్రాల కింద ఒక్కోటి వేసి నిలబెట్టు. బండి పాత ఎత్తుకి వస్తుంది, స్టాండు సరిపోతుంది. ఏదీ కోయక్కర్లేదు, ఏదీ పాడవదు." ఉత్సాహంగా బండిని వాటి మీదికి ఎక్కించి చూపించాడు కూడా. బండి నిజంగానే బుద్ధిగా వాలి నిలబడింది. ఆమె వంగి పలకని తాకింది. నున్నగా ఉంది. అంచులన్నీ రుద్దించి ఉన్నాయి.

"నీ పీట లాగే లేదూ?" అన్నాడు ఆయన మురిసిపోతూ.

"అలాగే ఉంది," అంది ఆమె.

మర్నాడు ఆయన సైటుకి వెళ్ళాక, ఆమె వాకిట్లో బండి పక్కన నిలబడి కాసేపు ఆలోచించింది. ఈ ఇంట్లో ఏ కొలతకైనా టేపు చివర పట్టుకునేది తనే. కర్టెన్లకి, అలమరకి, మంచానికి. "కాస్త పైకి... కదలకు... అదీ." కొలత చదివేది ఆయన. ఇవాళ తను కూర్చోవాలి. మరి పట్టుకునేదెవరు?

"అత్తయ్యా, కాస్త బయటికి వస్తారా? మీ మోకాళ్ళకి పని."

"నా మోకాళ్ళ పేరు చెప్పి నీ పనేదో చేయిస్తావు," అంటూనే అత్తగారు కర్ర ఊతంగా వచ్చింది. పొడుగు మనిషి, ఇప్పుడు వంగినా ఆమెకన్నా పొడుగే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, బండి వెనకభాగం మీద ఒక గుర్తు, చక్రం ఇరుసు దగ్గర ఒక గుర్తు చూపించింది. ముందు ఖాళీ బండిని నిటారుగా పట్టుకుని కొలిపించింది. తర్వాత పని సంచీ భుజానికి తగిలించుకుని, బూట్లు, హెల్మెట్ అన్నీ వేసుకుని ఎక్కి, పక్క గోడకి మోచెయ్యి ఆనించి కూర్చుంది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "ఊపిరి బిగబట్టకే. మామూలుగా కూర్చో. రోజూ నువ్వు నన్ననే మాటే కదా."

హెల్మెట్ లోంచి ఆమె వంగి ఉన్న అత్తగారినే చూసింది. ఇన్నేళ్ళలో తన బరువు ఎంతో, తను కూర్చుంటే ఏది ఎంత కుంగుతుందో కొలవడానికి ఒకళ్ళు వంగి చూడడం ఇదే మొదలు. అత్తగారు అంకె చదివింది. ఖాళీ బండికీ దానికీ పెద్ద తేడా లేదు. స్ప్రింగు తన బరువుని లెక్కే చెయ్యలేదు.

"వాడి బరువుకి అలవాటు పడింది, నిన్నేం చూస్తుంది," అంది అత్తగారు టేపు చుడుతూ. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వంటింటి వైపు చూసింది. "నన్నూ ఇలాగే కొలిచాడు వీడు, ఇల్లు కట్టేటప్పుడు. నేల మీద వంగి వంగి వండి నా మోకాళ్ళు పోయాయని, నన్ను నిలబెట్టి నా నడుం దాకా కొలిచి కట్టించాడు ఆ గట్టు. పిచ్చినాయన. కట్టిన ఏడాదికే నేను నిలబడలేకపోయాను, నువ్వొచ్చావు."

"స్టాండర్డ్ ఎత్తన్నారు అత్తయ్యా."

"స్టాండర్డూ లేదు, గీండర్డూ లేదు. అది నా కొలత."

ఆమె బండి మీంచి వంటింటి వైపు చూసింది. కోపం రావాలి. కానీ ముందుగా వచ్చింది వేరే. అమ్మ నొప్పి చూసి టేపు పట్టుకుని వంగిన మనిషి ఒకడు ఈ ఇంట్లో ఉన్నాడన్నమాట. కొలవడం ఆయనకి తెలుసు. తనని కొలవాలని తోచలేదు, అంతే. తోచనివాడికి తోచేదాకా తనూ చెప్పలేదు, పీటిస్తే ఎక్కి నిలబడింది.

అత్తగారు కర్రతో పలకలని తట్టింది. "అది సరే గానీ, ఈ చెక్కలు ఇంటి దగ్గర ఉంటాయి. నువ్వు వెళ్ళిన ఇళ్ళ దగ్గర ఎవరు వేస్తారే?"

"నేనే మోసుకెళ్ళాలి అత్తయ్యా."

"బట్టల బకెట్టుతో పాటు పీట మోసినట్టా?" అంది అత్తగారు. వెక్కిరింతగా అనలేదు. ఇన్నాళ్ళూ మంచం మీంచి అది రోజూ చూస్తూనే ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఆమె బండి స్టార్ట్ చేసింది. మలుపులో హ్యాండిలు చెప్పినట్టు విన్నది. గతుకులో వాసన రాలేదు. షాపు దగ్గర మెకానిక్ కొలత చూసి స్ప్రింగు బిగువు ఆమె బరువుకి సడలించాడు. అది అయ్యాక కూడా ఆమె బయల్దేరలేదు.

"స్టాండు కోయండి."

"అన్న వద్దన్నాడు కదా వదినా..."

"బండి పడితే ఎత్తాల్సింది నేను. రోడ్డు మీద, పేషెంటు ఇంటి ముందు, ఒక్కదాన్నే. అన్నకి నేను చెప్పుకుంటాను. మీరు కోయండి."

మెకానిక్ సుద్దముక్క తీసుకుని, "ఎంత వాలాలి?" అని అడిగాడు. ఈసారి ఫోన్ వైపు చూడలేదు. పక్క కొట్టువాడిని అడిగి, అతని చదునైన సిమెంటు వాకిట్లోకి బండిని జరిపి, సంచీ తగిలించి, ఆమె "ఇంకాస్త... చాలు" అన్నచోట గీత పెట్టాడు. "ముందు తక్కువే కోద్దాం వదినా. ఇంకా కోయాలంటే కోయొచ్చు, ఎక్కువైతే మాత్రం చెయ్యగలిగింది లేదు." నిప్పురవ్వలు లేచాయి. బొటనవేలంత ఇనపముక్క నేల మీద పడి దొర్లింది. పాదాన్ని నేలకి సమంగా ఆనేలా మళ్ళీ అతికించి, చల్లారాక గట్టిగా ఊపి చూశాడు. ఆమె ఆ ముక్కని ఏరుకుని సంచీలో వేసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది.

సోమవారం క్లినిక్ ముందు బండి ఆపి దిగుతుంటే డాక్టరుగారు కిటికీలోంచి చూస్తున్నాడు. "ఈ బండి చాలా ఎత్తు కదమ్మా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఉండేదండీ," అంది ఆమె, ఊరి చివర పేషెంట్ల కాగితాల కోసం చెయ్యి చాస్తూ.

ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చేసరికి రెండు పలకలూ గోడకి ఆనించి ఉన్నాయి. బండి వాకిట్లో ఒట్టి నేల మీద, ఎడమవైపుకి ఒద్దికగా వాలి నిలబడి ఉంది. ఆయన స్టాండు దగ్గర కూర్చుని అతుకు మీద వేలు రాశాడు.

"కోయించావా? అమ్మేటప్పుడు..."

"అమ్మేది లేదు," అంది ఆమె. "ఇవాళ ఒకావిడ తన వంటింటి దాకా తనే నడిచింది. రేపు మళ్ళీ వెళ్ళాలి."

ఆయన లేచి బండిని కుడివైపుకి తోసి చూశాడు, ఎడమవైపుకి తోసి చూశాడు. ఇంజినీరు కదా, మనసు ఒప్పుకోకపోయినా చెయ్యి ఒప్పుకుంది. "బాగానే నిలబడింది," అన్నాడు, తనలో తను అన్నట్టు.

ఆమె లోపలికి వెళ్ళింది. వంటగట్టు కింది పీటని కాలితో పక్కకి నెట్టింది. సంచీలోంచి ఇనపముక్క తీసి గట్టు మీద పెట్టింది. అది అక్కడ పెట్టడానికి కూడా చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. లోపలి గదిలోంచి అత్తగారు, "కళ్ళజోడు కావాలంటే నాది పట్టుకెళ్ళరా, అంకెలు చిన్నవి" అని కొడుక్కి కేక వేసింది. ఎందుకో అర్థంకాక ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె గట్టు పక్కన, ఉత్త నేల మీద, ఊపిరి బిగబట్టకుండా మామూలుగా నిలబడి టేపు ఆయన చేతికిచ్చింది.

"నేను కదలను. మీరు కొలవండి."